ఫైబర్ చేసేవాడా, కనెక్షన్ ఇచ్చేవాడా?

భీమవరం దగ్గర రొయ్యల చెరువు లీజుకిచ్చి, ఆ డబ్బు షేర్లలో పెడదామంటున్నారు మా బావగారు. ఆయన ఎంచిన రెండు కంపెనీలూ నష్టాల్లో ఉన్నవే. ఒకటి ఆప్టికల్ ఫైబర్, అంటే ఇంటర్నెట్‌ని మోసే సన్నని గాజు తీగ, తయారుచేస్తుంది, రెండోది ఇంటింటికీ బ్రాడ్‌బ్యాండ్ ఇస్తుంది.

నష్టం నష్టమే గానీ, రకం వేరండీ. ఫైబర్ కంపెనీకి ఆర్డర్లే ప్రాణం. టెలికాం వాళ్లు లైన్లు వేయడం ఆపితే ఫ్యాక్టరీ ఖాళీ. అమెరికాలో ఫైబర్ చేసే కార్నింగ్ కంపెనీ షేరు 2000లో 100 డాలర్లు దాటి, 2002 అక్టోబరుకి 2 డాలర్ల లోపుకి పడింది. అయినా కంపెనీ బతికింది. గాజుతో వేరే వ్యాపారాలూ ఉన్నాయి మరి.

బ్రాడ్‌బ్యాండ్‌ది రొయ్యల మేత అప్పుకి తెచ్చుకోవడం లాంటి వ్యవహారం. కేబులు, స్తంభాల అద్దె, ఇంట్లో బిగించే పెట్టె, అన్నిటికీ ముందే ఖర్చు. చందా మాత్రం నెలకి కొన్ని వందలు. రొయ్యలు కౌంటుకి, అంటే అమ్మే సైజుకి, రాకముందే వైరస్ తగిలితే మేత షాపాయన ఆగుతాడా? సముద్రాల అడుగున కేబుళ్లు వేసిన గ్లోబల్ క్రాసింగ్ 2002 జనవరిలో అప్పుల భారంతో దివాలా పిటిషన్ వేసింది. కేబుళ్లు పనిచేస్తూనే ఉన్నాయి, పాత వాటాదారులకి మాత్రం ఏమీ మిగల్లేదు.

బావగారి ఫోన్లో బ్యాలెన్స్ షీట్లు తెరిచి రెండే చూశాం: చేతిలో నగదెంత, ఏడాదిలో తీర్చాల్సిన అప్పెంత. నా మొగ్గు ఫైబర్ వైపే, అదీ రెండేళ్ల నష్టానికి సరిపడా నగదుంటేనే. బావగారు లీజు డబ్బులో పావు వంతు పక్కకి తీశారు. మిగతాది అక్కయ్య బ్యాంకులో వేసేసింది లెండి.