కుస్తీ వచ్చినవాడికి జియుజిట్సు: గీ వేసుకుని నేర్చుకోవడం మేలా, గీ లేకుండానా?

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు మన తెలుగు కుర్రాళ్లకు కుస్తీ కొత్త కాదు. జాతరల్లో కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీతో ముగిసే పోటీలు చూస్తూ పెరిగినవాళ్లే. వాళ్లలో కొందరికి ఇప్పుడు బ్రెజిలియన్ జియుజిట్సు మీద, అంటే నేల మీద పట్లు పట్టి, మెడ బిగించో కీళ్లు మెలిపెట్టో ఎదుటివాడు చేత్తో తట్టి ఓటమి ఒప్పుకునేలా చేసే విద్య మీద, మనసు పడింది. చదువుకో ఉద్యోగానికో హైదరాబాద్, పుణె వెళ్లగానే అకాడమీ వెతుక్కుంటున్నారు. అక్కడ చేరిన రోజే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: గీ బ్యాచా, నో-గీ బ్యాచా? గీ అంటే మందపాటి నూలు కోటు, ప్యాంటు, నడుముకి బెల్టు. నో-గీ అంటే ఒంటికి అతుక్కునే రాష్‌గార్డ్, షార్ట్స్.

మనవాళ్లు దాదాపు అందరూ నో-గీ వైపే మొగ్గుతారు. అందులో ఆశ్చర్యం లేదు. తాలీంలో, అంటే కుస్తీ నేర్చుకునే చోట, లంగోటి తప్ప ఒంటిమీద ఇంకేమీ ఉండదు. పట్టుకుంటే మెడో, మణికట్టో, తొడో పట్టుకోవాలి. నో-గీలోనూ అంతే. దుహేరీ పట్ వేసి రెండు కాళ్లూ లాగేస్తే పట్నం కుర్రాడు మొదటి వారంలోనే కింద పడతాడు. ఆ ఉత్సాహం నాకు తెలుసు. అయినా నా మాట దీనికి ఎదురు: కుస్తీ నుంచి వచ్చినవాడు మొదటి ఏడాది అయినా గీలోనే నేర్చుకోవాలి. కుస్తీ రానివాడికంటే వీడికే గీ ఎక్కువ అవసరం.

అసలు చిక్కు కుస్తీ నేర్పిన ఒక అలవాటులో ఉంది. మట్టి కుస్తీలో వీపు నేలకి తగిలితే చిత్తయినట్టే. అందుకే పైల్వాన్ కింద పడుతూనే బోర్లా తిరిగి మట్టిని కరుచుకుంటాడు. చిన్నప్పటి నుంచి ఉస్తాద్ చెప్పి చెప్పి ఒంట్లో ఇంకిపోయిన పని అది. జియుజిట్సులో అదే పెద్ద ప్రమాదం. బోర్లా తిరిగితే వీపు ఎదుటివాడికి అప్పగించినట్టే. జియుజిట్సు అంతర్జాతీయ సమాఖ్య (ఐబీజేజేఎఫ్) నిబంధనల్లో మనిషిని పడేస్తే 2 పాయింట్లు, వెనక నుంచి వీపెక్కి రెండు కాళ్లూ తొడల లోపలికి వేసి అదుపు చేస్తే 4. పడేసినదానికి రెట్టింపు అన్నమాట. పాయింట్ల సంగతి అటుంచినా, వెనక ఉన్నవాడి చేతులు మన మెడకి అందుతాయి, మన చేతులు వాడికి అందవు. వెల్లకిలా ఉండి కాళ్లతో ఎదుటివాణ్ణి అడ్డుకుంటూ పోరాడటాన్ని గార్డ్ అంటారు. ఈ విద్యకి అది ప్రాణం. కుస్తీ మనిషికి అదే అన్నిటికంటే ఆలస్యంగా ఒంటబట్టేది.

నో-గీలో ఈ అలవాటు వదలదు. పది నిమిషాలకి చెమట పడుతుంది, ఒళ్లు జారుతుంది, బలమున్నవాడు ఒక్క గుంజు గుంజుకుని బయటపడతాడు. తప్పించుకున్నాడు కాబట్టి తాను చేసింది సరైనదే అనుకుంటాడు. గీలో ఆ దారి మూసుకుపోతుంది. బోర్లా తిరిగినవాడి కాలర్‌లోకి ఎదుటివాడి చెయ్యి మెడ కింది నుంచి దూరుతుంది. రెండో చెయ్యి మోకాలి దగ్గర ప్యాంటు పట్టుకుంటుంది. ఇక పక్కకి వాలి విల్లులా సాగదీస్తే, ఎంత బలం ఉన్నా జారిపోవడానికి వీల్లేదు, తట్టి ఒప్పుకోవాల్సిందే. నాలుగుసార్లు అలా అయ్యాక పైల్వాన్ తనంతట తానే వెల్లకిలా ఉండి కాళ్లు వాడటం మొదలుపెడతాడు. అప్పుడు అదే గీ వాడికి ఆసరా అవుతుంది. ఎదుటివాడి చొక్కా చెయ్యి, కాలర్ పట్టుకుని పాదం నడుముకి ఆనిస్తే ఆట నెమ్మదిస్తుంది, ఆలోచించడానికి వ్యవధి దొరుకుతుంది.

కాలర్ పట్టు ఎంత సూక్ష్మమైన పనో ఒక్కటి చూద్దాం. క్రాస్ కాలర్ చోక్‌లో కుడి చేతి నాలుగు వేళ్లు ఎదుటివాడి కుడి కాలర్ లోపలికి, అరచెయ్యి పైకి ఉండేలా, మెడ వెనక్కి పోయేంత లోతుగా వెళ్లాలి. బొటనవేలు బయటే ఉంటుంది. ఎడమ చెయ్యి రెండో కాలర్‌కి. తర్వాత అందరూ చేతులతో లాగుతారు, కండలు అలిసిపోతాయి, ఏమీ జరగదు. చేయాల్సింది మణికట్లు తిప్పి, మోచేతులు మన డొక్కల వైపు దించి, ఎదుటివాడి తలని మన ఛాతీ మీదికి తెచ్చుకోవడం. అప్పుడు ముంజేతి ఎముక అంచులు మెడకి రెండు పక్కలా ఉన్న రక్తనాళాల మీద కూర్చుంటాయి. గొంతు నలగదు, కొన్ని సెకన్లలో కళ్లు చీకట్లు కమ్ముతాయి. వాడు తట్టగానే వదిలేయాలి. ఇది గురువు ఎదుట తప్ప వీడియో చూసి స్నేహితుల మీద ప్రయత్నించే పని కాదు.

నో-గీకి ఉన్న మేలు కూడా చెప్పాలి. మే నెలలో నాందేడ్ జిల్లా ఎండకి తడిసి బరువెక్కిన గీతో సాధన నరకమే. వానాకాలంలో అది ఓ పట్టాన ఆరదు, ఆరకుండా వేసుకుంటే తామర ఖాయం. గీ పట్టులతో వేళ్ల కీళ్లు వాస్తాయి, టేపు చుట్టుకోవాల్సి వస్తుంది. ఎమ్ఎమ్ఏ (గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిసిన పోరు) వైపు వెళ్లాలన్న పట్టుదల ఉన్నవాడికి ఎలాగూ నో-గీ తప్పదు. 1998లో అబుదాబిలో మొదలైన ఏడీసీసీ అనే పట్ల పోటీలదీ అదే పద్ధతి.

కానీ నో-గీలో హీల్ హుక్ ఉంది. మడమ పట్టుకుని మెలితిప్పితే దెబ్బ మోకాలికి తగులుతుంది. నొప్పి తెలిసేలోపే లిగమెంట్ తెగవచ్చు. అంతర్జాతీయ సమాఖ్య దీన్ని గీ పోటీల్లో ఎవరికీ అనుమతించదు. నో-గీలో కూడా 2021 నుంచి బ్రౌన్, బ్లాక్ బెల్టు పెద్దలకే. అకాడమీల్లో మాత్రం అందరూ అంత కచ్చితంగా ఉండరు. ఓడిపోయానని ఒప్పుకోవడం నామోషీ అనుకునే మన కుర్రాళ్ల మోకాళ్ల గురించి నాకు నిజంగా టెన్షన్.

ఊరు వదిలి వెళ్లే వీలు లేనివాళ్లకి జూడో ఉంది. జియుజిట్సు పుట్టిందే అందులోంచి. 1882లో జిగోరో కానో జూడో స్థాపించాడు, ఆయన శిష్యుడు మిత్సుయో మాయెదా 1914లో బ్రెజిల్ చేరాడు, ఆయన నేర్పిన విద్యే గ్రేసీ కుటుంబం చేతిలో ఈ రూపం తీసుకుంది. అందుకే గీ పట్టుకోవడం, దెబ్బ తగలకుండా పడటం రెండూ జూడోలో వస్తాయి. స్కూల్ గేమ్స్‌లోనూ జూడో ఉంది. లోటు రెండు చోట్ల. 2010 నుంచి అంతర్జాతీయ పోటీల్లో కాళ్లు చేత్తో పట్టడాన్ని క్రమంగా నిషేధించారు కాబట్టి పైల్వాన్‌కి పట్ పనికిరాదు. నేల మీద పోరాటానికి రెఫరీ ఎక్కువసేపు ఇవ్వడు, 20 సెకన్లు అదిమి ఉంచితే ఆటే అయిపోతుంది. అయినా దగ్గర్లో మంచి జూడో మాస్టారు ఉంటే ఫోన్లో జియుజిట్సు చూస్తూ కూర్చోవడం కంటే ఆయన దగ్గరికి వెళ్లడం వెయ్యి రెట్లు నయం.

ఆడపిల్లల విషయంలో నాకు రెండో ఆలోచనే లేదు, గీయే. ఒళ్లంతా కప్పే బట్టలు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు తొందరగా ఒప్పుకుంటారు. బలం తక్కువున్న మనిషి కాలర్, చొక్కా చెయ్యి పట్టుకుని బరువైనవాళ్లని ఆపగలగడం గీలోనే సులువు.

మొదటి గీ తెల్లదే కొనండి. పోటీలకి తెలుపు, నీలం, నలుపు మూడూ చెల్లుతాయి కానీ మురికి పట్టింది తెలుపులోనే కనిపిస్తుంది. జూడో కోటు ఉంటే కొత్తగా కొనక్కర్లేదు, ఇంటి సాధనకి అదే చాలు. ఉతికేది చన్నీళ్లలోనే. వేడి నీళ్లలో వేస్తే నూలు కుంచించుకుపోయి చేతులు పొట్టివైపోతాయి, పోటీ రోజు కొలత దగ్గరే ఆపేస్తారు.