ధాన్యం ఫైళ్ల లెక్కకు గడియారమా, కబురా? కుబెర్నెటీస్ క్రాన్‌జాబ్, క్యామెల్ జాబ్ కనెక్టర్: ఏది మేలు

నల్లగొండ జిల్లాలో యాసంగి కోతలు మొదలైతే కొనుగోలు కేంద్రంలో ఆ రోజు కాంటా ఎప్పుడు ముగుస్తుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు. లారీలు సకాలంలో వస్తే పొద్దుగూకేలోపే పని అయిపోతుంది. లారీ రాకపోతే అర్ధరాత్రి దాటుతుంది, మబ్బు పట్టిందంటే రాశుల మీద పరదాలు కప్పి కాంటానే ఆపేస్తారు. చివరి లారీ మిర్యాలగూడ మిల్లుకు బయలుదేరాకే ఆ కేంద్రం తన రోజు ఫైలును పంపుతుంది. ఆ ఫైలులోని ప్రతి ట్రక్ షీటునూ మిల్లు ఇచ్చిన రసీదుతో సరిచూసి, తూకంలో తేడాలు తేల్చి, రైతువారీగా రావలసిన మొత్తాన్ని కట్టే పనిని కుబెర్నెటీస్ క్లస్టర్‌లో (ప్రోగ్రాములను కొన్ని మెషీన్ల మీద కలిపి నడిపించే వ్యవస్థలో) బ్యాచ్ జాబ్‌గా, అంటే పని ముగియగానే ఆగిపోయే ప్రోగ్రాముగా నడపాలని అనుకుందాం. ఈ జాబ్‌ను ఎవరు మొదలుపెట్టాలన్నదే ఇక్కడి ప్రశ్న.

దీనికి ఆచరణలో రెండు ప్రధాన మార్గాలున్నాయి. మొదటిది కుబెర్నెటీస్‌లోనే ఉన్న క్రాన్‌జాబ్. నిర్ణీత సమయానికి అదే ఒక జాబ్‌ను సృష్టిస్తుంది. రెండవది అపాచీ క్యామెల్‌లోని (వేర్వేరు వ్యవస్థల మధ్య ఫైళ్లనూ సందేశాలనూ చేరవేసే సాఫ్ట్‌వేర్) కుబెర్నెటీస్ జాబ్ కనెక్టర్. ఫైలో, క్యూలోని సందేశమో వచ్చిన వెంటనే క్యామెల్ రూట్ (సందేశం వచ్చాక ఏ అడుగులు వేయాలో రాసిన వరుస) క్లస్టర్ ఏపీఐని, అంటే ఆదేశాలు తీసుకునే ద్వారాన్ని, పిలిచి జాబ్‌ను పుట్టిస్తుంది. క్యామెల్ రూట్‌లోనే క్వార్ట్జ్ అనే లైబ్రరీ టైమర్ పెట్టి, లెక్కంతా ఆ ప్రాసెస్‌లోనే చేసేయడం మూడవ మార్గం. చిన్న పనులకు అది సరిపోతుంది కానీ ఇక్కడ నేను దానిని సిఫార్సు చేయను. రాత్రి ఒక గంట అవసరమయ్యే మెమరీని ఆ రూట్ నడిచే పాడ్‌కు (క్లస్టర్‌లో ప్రోగ్రాము నడిచే చిన్న యూనిట్‌కు) రోజంతా కేటాయించి ఉంచాలి. రూట్‌ను రెండు ప్రతులుగా నడిపితే టైమర్ రెండుచోట్లా మోగుతుంది. దానిని ఆపడానికి క్వార్ట్జ్‌ను డేటాబేస్ ఆధారిత క్లస్టర్ పద్ధతిలోకి మార్చాలి.

క్రాన్‌జాబ్‌లోని గొప్పదనం దాని నిరాడంబరత. ఒక యామల్ ఫైలు (అమరికలు రాసే టెక్స్టు ఫైలు) రాసి క్లస్టర్‌కు అప్పగిస్తే చాలు, నడపడానికి వేరే ప్రోగ్రాము అక్కర్లేదు. కుబెర్నెటీస్ 1.21 నుంచి ఇది స్థిరమైన ఏపీఐలో ఉంది. పాత బీటా రూపాన్ని 1.25లో తొలగించారు కాబట్టి పాత యామల్ ఫైళ్లు వాడేవారు ఏపీఐ వెర్షన్ వరుసను ఒకసారి సరిచూసుకోవాలి. పాల సేకరణ కేంద్రాల పక్షపు బిల్లుల వంటి పనికి ఇంతకంటే తగిన సాధనం లేదు. పదిహేను రోజుల పాల లెక్క ప్రతి నెలా 1వ తేదీన, 16వ తేదీన కట్టాలంటే షెడ్యూలు ఒక్క వరుసలో వస్తుంది, అందులో ఎవరి కబురు కోసమూ ఎదురుచూడవలసిన అవసరం లేదు.

అయితే ఆ ఒక్క వరుసలోనే మనవాళ్లను తరచుగా ఇబ్బంది పెట్టే విషయం ఉంది. టైమ్‌జోన్ రాయకపోతే క్రాన్‌జాబ్ షెడ్యూలును క్లస్టర్ కంట్రోలర్ తన స్థానిక సమయంతో లెక్కిస్తుంది, చాలా క్లస్టర్లలో అది యూటీసీయే, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయమే. 1వ తేదీ ఉదయం 6 గంటలకని రాసిన బిల్లు మన గడియారంలో 11:30కి మొదలవుతుంది. ఇది కేవలం ఆలస్యం కాబట్టి సర్దుకోవచ్చు. అదే 1వ తేదీ రాత్రి 12:30కి నడవాలంటే అది యూటీసీలో గడిచిన నెల చివరి రోజు 19:00 అవుతుంది; నెల చివరి రోజు అని చెప్పే వీలు మామూలు క్రాన్ రాతలో (షెడ్యూలు సమయాలు రాసే పద్ధతిలో) లేదు. టైమ్‌జోన్ ఫీల్డులో ఏషియా/కోల్‌కతా అని రాస్తే ఈ చిక్కు పోతుంది. ఆ ఫీల్డు 1.27లో స్థిరపడింది కాబట్టి ఈ రోజుల్లో దానిని రాయకుండా వదిలేయడానికి కారణమేమీ లేదు.

మరో రెండు అమరికలను కూడా ఎప్పుడూ మనమే స్పష్టంగా రాయాలి. ముందటి జాబ్ ఇంకా నడుస్తుండగానే తర్వాతి సమయం వచ్చేస్తే ఏం చేయాలో కన్‌కరెన్సీ పాలసీ చెబుతుంది. ఏమీ రాయకపోతే అది ‘అలో’, అంటే రెండూ కలిసి నడుస్తాయి. డబ్బు లెక్కలకు రెండవదానిని మొదలవనివ్వని ‘ఫర్బిడ్’ అన్నదే సరైన విలువ. ఇక కరెంటు పోయో, మరే కారణంతోనో క్లస్టర్ ఆగిపోయి జాబ్ సమయం దాటిపోతే, స్టార్టింగ్ డెడ్‌లైన్ సెకండ్స్ విలువలోపు క్లస్టర్ తిరిగి లేస్తేనే ఆ జాబ్ మొదలవుతుంది. ఆ విలువను మరీ చిన్నదిగా పెట్టకూడదు; కంట్రోలర్ 10 సెకండ్లకొకసారి చూస్తుంది కాబట్టి అంతకంటే తక్కువ పెడితే జాబ్ అసలే మొదలు కాకపోవచ్చు.

ఇప్పుడు ధాన్యం ఫైళ్ల దగ్గరకు వద్దాం. క్రాన్‌జాబ్‌ను రాత్రి 11 గంటలకు పెడితే దేవరకొండ వైపు కేంద్రం ఫైలు ఒంటిగంటకు వచ్చినప్పుడు దాని లెక్క మరుసటి రాత్రికి జరుగుతుంది, రైతు ఖాతాకు చేరవలసిన డబ్బు ఒక రోజు వెనక్కు పోతుంది. ప్రతి పదిహేను నిమిషాలకూ నడిపిస్తే ఆ ఆలస్యం తగ్గుతుంది కానీ, ఏ ఫైలు కొత్తది, ఏది ఇదివరకే చూసింది, ఏది సగం మాత్రమే వచ్చిందన్న లెక్కంతా జాబ్ లోపలి కోడ్ మీద పడుతుంది. వచ్చిన ఫైలు పూర్తిగా వచ్చిందా అని చూడటం, చూసిన దానిని పక్కకు జరపడం, తప్పుగా ఉన్నదానిని వేరే ఫోల్డరుకు మళ్లించడం క్యామెల్‌కు పుట్టుకతో వచ్చిన విద్యలు. వాటిని బాష్ స్క్రిప్టులో మళ్లీ రాయడం వృథా ప్రయాస. కబురు వచ్చినప్పుడు మొదలవ్వాల్సిన పనికి కనెక్టరే మేలని నేను గట్టిగా చెప్పడానికి మొదటి కారణం ఇదే.

రెండవ కారణం జాబ్ పేరులో ఉంది. కనెక్టర్‌తో జాబ్‌ను సృష్టించడానికి మూడు హెడర్లు (సందేశంతో పంపే విలువలు) తప్పనిసరి: నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో వేరుచేసిన విభాగం), జాబ్ పేరు, జాబ్ స్పెక్ (జాబ్ ఏం, ఎలా నడపాలో చెప్పే వివరణ). ఒక నేమ్‌స్పేస్‌లో ఒకే పేరుతో రెండు జాబ్‌లు ఉండడానికి వీల్లేదు. రెండవసారి అడిగితే ఏపీఐ సర్వర్ 409 కాన్‌ఫ్లిక్ట్ అని తిప్పికొడుతుంది. కాబట్టి పేరును యాదృచ్ఛిక సంఖ్యతో కాకుండా కేంద్రం కోడ్, తేదీ, ఫైలు వరుస సంఖ్యలతో కడితే, అదే ఫైలు రెండుసార్లు వచ్చినా రెండవ జాబ్ పుట్టదు. నెట్‌వర్క్ తెగి జవాబు అందకపోయినా, క్యామెల్ మళ్లీ ప్రయత్నించినప్పుడు వచ్చే 409ను లోపంగా కాక ‘ఇదివరకే మొదలైంది’ అన్న సమాధానంగా తీసుకునేలా రూట్‌లో రాసుకోవచ్చు. డూప్లికేట్ చెల్లింపును అడ్డుకోవడానికి ఇంత సులువైన మొదటి కాపలా మరొకటి లేదు. పేరులో ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే ఉండాలి, పొడవు 63 అక్షరాలు మించకూడదు. కేంద్రాల కోడ్‌లలో అండర్‌స్కోర్ ఉంటే దానిని ముందే హైఫన్‌గా మార్చాలి.

ఈ కాపలాకు ఒక గడువు ఉందన్న సంగతి మాత్రం మరువరాదు. ముగిసిన జాబ్‌లు పేరుకుపోకుండా టీటీఎల్ సెకండ్స్ ఆఫ్టర్ ఫినిష్‌డ్ అనే విలువ పెడతాం. ఆ సమయం తీరాక క్లస్టర్ జాబ్‌ను తుడిచేస్తుంది, దానితో ఆ పేరు మళ్లీ ఖాళీ అవుతుంది. టీటీఎల్‌ను 10 నిమిషాలకు పెట్టి, కేంద్రం వారు అదే ఫైలును మరునాడు పొద్దున మళ్లీ పంపితే, జాబ్ రెండవసారి హాయిగా నడుస్తుంది. డూప్లికేట్లు ఎన్ని రోజుల దాకా రావచ్చో అంతకంటే ఎక్కువ టీటీఎల్ ఉండాలి, చెల్లింపు డేటాబేస్‌లో ట్రక్ షీటు సంఖ్య మీద యూనిక్ నిబంధన (ఒకే సంఖ్యను రెండుసార్లు చేరనివ్వనిది) ఎలాగూ ఉండాలి. విఫలమైన జాబ్‌ను కావాలనే మళ్లీ నడపాలంటే పాతదానిని తొలగించాలి లేదా పేరు చివర ప్రయత్న సంఖ్యను చేర్చాలి.

కనెక్టర్ అమరికలో చాలామంది చిక్కుకునేది జాబ్ స్పెక్ దగ్గర. అది టెక్స్టుగా ఇచ్చే యామల్ కాదు, కుబెర్నెటీస్‌తో మాట్లాడే ఫ్యాబ్రిక్8 లైబ్రరీకి చెందిన జావా ఆబ్జెక్టు. దానిలోని పాడ్ టెంప్లేటుకు రీస్టార్ట్ పాలసీని (ఆగిన ప్రోగ్రామును మళ్లీ మొదలుపెట్టాలా అన్నదాన్ని) ‘నెవర్’ అనో ‘ఆన్ ఫెయిల్యూర్’ అనో రాయాలి. రాయకపోతే పాడ్‌ల సహజ విలువైన ‘ఆల్వేస్’ వర్తించి, జాబ్‌కు అది చెల్లదంటూ సర్వర్ తిరస్కరిస్తుంది. బ్యాకాఫ్ లిమిట్ (మళ్లీ ప్రయత్నాల పరిమితి) రాయకపోతే 6 సార్లు దాకా మళ్లీ ప్రయత్నిస్తుంది. మధ్య విరామం 10 సెకండ్లతో మొదలై రెట్టింపవుతూ గరిష్ఠంగా 6 నిమిషాల దాకా పోతుంది. సరిచూసే పనికి అది మంచిదే కానీ, బ్యాంకుకు చెల్లింపు ఆదేశం పంపే పనికి నేనైతే 0 పెట్టి, విఫలమైతే మనిషి చూసేలా చేస్తాను.

స్పెక్‌ను జావాలో రాయడంలో ఇంకో నష్టం ఉంది. ఇమేజ్ (నడపవలసిన ప్రోగ్రాము ప్యాకేజీ) వెర్షన్‌నో, మెమరీ పరిమితినో మార్చాలన్నా రూట్‌ను మళ్లీ బిల్డ్ చేయాలి. అందుకు నాకు నచ్చిన దారి క్రాన్‌జాబ్‌నూ కనెక్టర్‌నూ కలిపేది: సస్పెండ్ విలువను ‘ట్రూ’గా పెట్టిన ఒక క్రాన్‌జాబ్‌ను క్లస్టర్‌లో ఉంచాలి; అది ఎన్నడూ తనంతట తాను మొదలవ్వదు, కేవలం అచ్చుగా పనికొస్తుంది. రూట్ దానిని చదివి, అందులోని జాబ్ టెంప్లేటులో ఫైలు ఉన్న దారిని మాత్రం ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా (ప్రోగ్రాముకు బయటినుంచి అందే విలువగా) చేర్చి, కొత్త పేరుతో జాబ్‌ను సృష్టిస్తుంది. క్లస్టర్ చూసుకునేవారు యామల్‌ను తమ పద్ధతిలో మార్చుకుంటారు, రూట్ రాసేవారు తమ పని చేసుకుంటారు. ఫైలులోని డేటాను మాత్రం వేరియబుల్‌లో పెట్టకూడదు. అందరికీ అందుబాటులో ఉండే నిల్వలో ఉంచి దాని చిరునామానే ఇవ్వాలి.

అనుసంధానం విషయానికి వస్తే, రూట్ కూడా అదే క్లస్టర్‌లో నడుస్తుంటే దానికి ఒక సర్వీస్ అకౌంట్ (ప్రోగ్రాముకు క్లస్టర్ ఇచ్చే ఖాతా) ఇచ్చి, క్లస్టర్‌తో మాట్లాడే క్లయింటును బీన్‌గా (ముందే సిద్ధం చేసిన ఆబ్జెక్టుగా) అందిస్తే సరిపోతుంది. ఆ ఖాతా గుర్తింపు రుజువైన టోకెన్‌ను లైబ్రరీ పాడ్‌లోంచే చదువుకుంటుంది. ఆ టోకెన్‌ను కాపీ చేసి ఓఆథ్ టోకెన్ ఆప్షన్‌లో అతికించడం మంచిది కాదు. ఇప్పటి టోకెన్‌లకు కాలపరిమితి ఉంది, పాడ్‌లోనిది తనంతట తాను మారుతూ ఉంటుంది కానీ అతికించినది మారదు. ఆ అకౌంటుకు ఇచ్చే అధికారాన్ని తేలికగా తీసుకోకూడదు. ఒక నేమ్‌స్పేస్‌లో జాబ్‌లు సృష్టించగలిగితే, అక్కడి ఏ సీక్రెట్‌నైనా (దాచిన పాస్‌వర్డు వంటిదాన్ని) పాడ్‌కు తగిలించుకుని చదవగలిగినట్టే. అందువల్ల ఈ జాబ్‌లకు ప్రత్యేక నేమ్‌స్పేస్ ఉండాలి, అధికారం ఆ నేమ్‌స్పేస్‌కే పరిమితమైన రోల్‌తో రావాలి. క్రాన్‌జాబ్‌తో ఈ బాధ్యత మనకు లేదు. కనెక్టర్‌కు మనం చెల్లించే అసలు మూల్యం ఇదే.

మరో మూల్యం, జాబ్ ముగింపు గురించి తెలుసుకోవడం. జాబ్‌ను సృష్టించగానే కనెక్టర్ జవాబు ఇచ్చేస్తుంది. అది ‘నమోదైంది’ అన్న జవాబే తప్ప ‘అయిపోయింది’ అన్నది కాదు. నేమ్‌స్పేస్ కోటా నిండి ఉంటే జాబ్ నమోదవుతుంది కానీ పాడ్ పుట్టదు. ఈ కనెక్టర్ పంపే వైపు మాత్రమే పని చేస్తుంది, జాబ్‌లను గమనించే వైపు దానికి లేదు. కాబట్టి కొంత విరామంతో జాబ్‌ను మళ్లీ మళ్లీ చదివి కంప్లీట్ లేదా ఫెయిల్డ్ అన్న స్థితి కోసం చూడాలి. లేదంటే క్యామెల్‌లోనే ఉన్న పాడ్స్ కనెక్టర్‌ను లేబుల్ ఆధారంగా గమనించమనాలి. లేదంటే జాబే తన చివరి అడుగుగా ఫలితాన్ని క్యూలో వేయాలి. నేను మూడవదాన్ని ఇష్టపడతాను, కానీ మెమరీ చాలక మధ్యలోనే చచ్చిపోయిన జాబ్ ఏ కబురూ పంపలేదు కనుక, యాక్టివ్ డెడ్‌లైన్ సెకండ్స్ (జాబ్ నడవగల గరిష్ఠ సమయం) పెట్టి, ఆ గడువు దాటాక ఒకసారి స్థితిని చదివే రూట్‌ను దానికి తోడుగా ఉంచాలి.

కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో వాన సూచన వస్తే కేంద్రాలన్నీ ఒకేసారి కాంటా ముగించి ఫైళ్లు పంపుతాయి. ఒకటి రెండు మెషీన్ల చిన్న క్లస్టర్ మీద అన్ని జాబ్‌లు ఒక్కసారిగా పడకుండా రూట్‌లో థ్రాటిల్ పెట్టి, ఒక్కో నిమిషానికి ఇన్ని మాత్రమే అని నియంత్రించాలి. వచ్చిన ఫైలు కబురును జాబ్ నమోదయ్యాకే క్యూలోంచి తీసేయాలి, అప్పుడు రూట్ మధ్యలో ఆగినా ఆ కబురు పోదు. పాల బిల్లులకు ఈ ఏర్పాటేదీ అక్కర్లేదు. వాటిని క్రాన్‌జాబ్‌లోనే ఉంచి, టైమ్‌జోన్ రాసి వదిలేయడమే మంచిది.