దొనకొండలో యుద్ధకాలపు రన్‌వే ఉంది, దాని కథ చెప్పే బోర్డే లేదు

ఆంధ్రప్రదేశ్‌లో మార్కాపురం దగ్గరున్న దొనకొండ పాత విమానాశ్రయం తప్పక చూడండి. రాత్రి బస విషయంలో మాత్రం గది అద్దె ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి. మార్కాపురంలో మేము దిగిన లాడ్జిలో ఫోనులో రూ.900 చెప్పిన గది, తాళం చేతికిచ్చేసరికి రూ.1,400 అయింది. ఏసీకి వేరేగా కట్టాలట. ఆ ఏసీ గదిని చల్లబరచలేదు సరికదా, రాత్రంతా నీళ్లు కారుస్తూనే ఉంది. మామయ్య మంచం పక్కన బకెట్టు పెట్టి పడుకున్నాం. తెల్లవారి చూస్తే కుళాయిలో చుక్క లేదు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నారు. డెబ్బై దాటిన మనిషి, స్నానం లేకుండా బయలుదేరాల్సి వచ్చింది. ఆటోలో దారి పొడవునా ఆయన నోరు విప్పలేదు.

రన్‌వే మీద కాలు పెట్టాక ఆయన ముఖం తేటపడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాలు దిగి ఇంధనం నింపుకోవడానికి బ్రిటిష్ వాళ్లు వాడిన మైదానం ఇది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మద్రాసులో జనం ఇళ్లకు తాళాలు వేసి పల్లెలకు పోయారు. సముద్రానికి ఇంత లోపల, రైలు మార్గాన్ని ఆనుకుని ఉన్న ఊరికి ఆ రోజుల్లో ఎంత విలువో మామయ్య చేతులు తిప్పుతూ వివరించారు. ఇప్పుడు చుట్టూ సర్కారు తుమ్మ. పగుళ్లలో కంకర తేలి, దాని సందుల్లో గరిక మొలిచింది. మేకలు కాస్తున్న ఒకాయన, "మా తాత ఇక్కడ కూలికి రాళ్లు మోశాడట" అన్నాడు.

ఇంత చరిత్ర ఉన్నా ఒక్క బోర్డు కనబడలేదు. 2014లో రాజధానికి దొనకొండ పేరు వినిపించినప్పుడు ఈ మైదానం ఎన్నిసార్లు పత్రికలకెక్కిందో! నాలుగు వరుసలు రాసిన పలక నిలబెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? నాకు లాడ్జి కన్నా ఇదే ఎక్కువ బాధ కలిగించింది.

రానూపోనూ ఆటోకు రూ.1,200, మాట్లాడుకున్నదే తీసుకున్నాడు. స్టేషను దగ్గర చిన్న హోటల్లో భోజనం రూ.90. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, పైన కాచిన నెయ్యి. మామయ్య అలసట చూసి ఆ ఇల్లాలు అడగకుండానే రెండోసారి మజ్జిగ పోసింది. ఎండాకాలంలో తొమ్మిదిలోపే చూసి రండి, రన్‌వే మీద నీడ లేదు. రైళ్లు తక్కువ, తిరుగు రైలు వేళ ముందే కనుక్కోండి. బోర్డు కోసం కలెక్టరుకు అర్జీ మామయ్య రైల్లోనే రాశారు, ఇద్దరం సంతకాలు పెట్టాం.