ఎంపీ దగ్గర పీఏనా, లోక్‌సభ సచివాలయంలో కొలువా?

హన్మకొండలో మా అక్క కొడుకు పీజీ అయిపోయి రెండు దారుల మధ్య ఊగుతున్నాడు. ఒకటి ఎంపీ దగ్గర పీఏ పని, ఇంకోటి లోక్‌సభ సచివాలయం పరీక్ష. "రెండూ పార్లమెంటే కదా మామా" అంటాడు. కానీ పనులు వేరు.

కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ సంగతే చూడండి. తెలంగాణలో రైల్ కోచ్ ఫ్యాక్టరీ ఏర్పాటును రైల్వే ఆరు నెలల్లో పరిశీలించాలని 2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూల్‌లో ఉంది. పీఏ అయితే ప్రసంగంలో "ఇచ్చిన మాట" అని రాసిస్తాడు. తప్పేం లేదు, అతని పనే అది. సచివాలయంలో సభ్యులకు సమాచారం ఇచ్చే ఉద్యోగి మాత్రం అధికార పక్షం అడిగినా, ప్రతిపక్షం అడిగినా "పరిశీలించాలి" అనే రాయాలి. కాజీపేట గాలి పీల్చి పెరిగినవాడికి ఆ ఒక్క మాట దగ్గర చెయ్యి ఆగుతుంది. అసలు కష్టం అక్కడే.

జీతం, సెలవుల సంగతి సరే, సచివాలయమే మేలు. రాజ్యాంగం 98వ అధికరణం ప్రకారం ప్రతి సభకూ సొంత సిబ్బంది ఉంటారు. ప్రభుత్వం మారినా కుర్చీ కదలదు. ఎంపీ ఓడితే పీఏ బ్యాగు సర్దుకోవాల్సిందే. అయితే ఊరివాళ్ల పని చేసిపెట్టిన తృప్తి పీఏకే ఎక్కువ.

నేనైతే పరీక్షే రాయమన్నాను. సరేనన్నాడు. వాడి వాట్సాప్ డీపీలో మెడలో పార్టీ కండువా మాత్రం ఇంకా అలాగే ఉంది.