ఐదేళ్లు వాడిన హీటెడ్ గ్రిప్పులు పీకితే బయటపడ్డ బ్రేకు కథ

2019 సెప్టెంబర్‌లో మనాలి నుంచి లేహ్ పోవడానికి బైకుకు హీటెడ్ గ్రిప్పులు, అంటే కరెంటుతో వేడెక్కే హ్యాండిల్ పిడులు, వేయించా. అప్పటికి అటల్ టన్నెల్ తెరవలేదు, రోహ్‌తాంగ్ ఎక్కి దిగాల్సిందే. బారాలాచా లా మీద మంచు రాలుతుంటే అరచేతులు వెచ్చగానే ఉన్నాయి గానీ, గాలి తగిలే వేళ్ల వెనకవైపు మాత్రం మొద్దుబారిపోయింది. గ్రిప్పు వేడి అరచేతి దాకానే. వేళ్లకు గాలి తగలకుండా అడ్డుండే హ్యాండ్‌గార్డులు లేకుండా ఇవి కొనడం సగం దండగ. అయినా ఆ పది రోజులకు పదికి పది మార్కులు వేస్తా.

ఆ తర్వాత నేనుండేది హైదరాబాద్‌లో కదా. ఐదేళ్లలో స్విచ్ నొక్కింది లంబసింగిలో రెండు తెల్లవారుజాములు, అరకు ఘాట్‌లో ఒకసారి. మిగతా రోజులన్నీ లావుపాటి గ్రిప్పు పట్టుకుని ట్రాఫిక్‌లో చెయ్యి నొప్పెట్టించుకోవడమే. ఫుల్లులో పెడితే మూడు నాలుగు ఆంపియర్లు లాగుతుంది. తాళం తీయగానే కరెంటు ఆపేసే రిలే ఎందుకులే అని నేరుగా బ్యాటరీకే కలిపా. ఒక రాత్రి ఆపడం మర్చిపోయా, తెల్లారి బండి స్టార్ట్ కాలేదు. మూడో ఏడు కుడి గ్రిప్పు చల్లబడిపోయింది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా మడత పడే వైరు కదా, ముందు పోయేది అదే.

పీకడం అనుకున్నంత సులువు కాలేదు. ఎడమది గమ్‌తో అతికించారు, బ్లేడుతో పొడవునా కోసి ఒలిచేశా. కుడివైపు మరో చిక్కు. వేసేటప్పుడు యాక్సిలరేటర్ తిప్పే థ్రాటిల్ పైపు మీద గీతలన్నీ ఆకురాయితో అరగదీశారు. పాత రబ్బరు గ్రిప్పు ఎక్కిస్తే వదులుగా తిరుగుతోంది. కొత్త పైపు కొనక తప్పలేదు.

ఆ పైపు మార్చడానికి బ్రేక్ లివర్ క్లాంపు జరిపినప్పుడు అసలు సంగతి కనబడింది. లివర్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రం వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ అద్దంలో ఆయిల్ డికాక్షన్ రంగులో ఉంది. లివర్ దగ్గరి రబ్బరు తొడుగు ఎత్తితే వేలికి తడి తగిలింది, కింద పెయింటు పొక్కులు లేచి ఉంది. మా వీధి చివరి మెకానిక్ భాయ్ చూసి, "ఏందన్నా, ఎన్నేళ్లయింది ఆయిల్ మార్చి?" అన్నాడు. లెక్కపెడితే నాలుగు దాటింది. రెండేళ్లకోసారి మార్చాలి. నా బండిలో వాడే డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీలుస్తుంది. కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టినదానికి ఆ హద్దు 155 డిగ్రీలే.

మూత స్క్రూలు తలలు అరిగేలా ఉంటే, స్క్రూడ్రైవర్ ఆనించి సుత్తితో రెండు దెబ్బలు కొడితే వదిలాయి. అడుగున తెల్లగా జిగురులాంటి మడ్డి. అక్కడ రెండు రంధ్రాలుంటాయి, ఒకటి పెద్దది, రెండోది సూదిమొనంత. ఆ చిన్నది పూర్తిగా పూడుకుపోయింది. వేడెక్కి ఉబ్బిన ఆయిల్ వెనక్కి రావాల్సిన దారి అదే. ఘాట్ దిగుతుంటే ముందు చక్రం ఎవరో పట్టి లాగినట్టుండేది ఇందుకన్నమాట, నేనేమో టైర్లో గాలి తక్కువనుకున్నా. పీకేసిన గ్రిప్పు వైరులోంచే ఒక్క రాగి పోగు లాగి, మెల్లగా పొడిచి శుభ్రం చేశాం. ఆ గ్రిప్పులు హైదరాబాద్‌లో నాకు చేసిన పెద్ద ఉపకారం ఇదే.

లోపలివి జారకుండా పట్టి ఉంచే సర్క్లిప్ రింగు తీశాక పిస్టన్, స్ప్రింగు బయటికొచ్చాయి. విప్పే ముందే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. రబ్బరు కప్పు పెదవి స్ప్రింగు వైపే ఉండాలి, తిరగేస్తే ప్రెషర్ రాదు. లోపలి గోడ మీద గోటికి తగిలే గీత ఉంటే కొత్త రబ్బర్ల కిట్ వేసినా దండగ, మొత్తం సిలిండర్ మార్చాల్సిందే. నాది నున్నగానే ఉంది. భాయ్ అలవాటుగా పెట్రోల్ డబ్బా అందుకున్నాడు, వద్దన్నా. పెట్రోల్ తగిలితే ఆ రబ్బర్లు ఉబ్బిపోతాయి. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడిగి, దాంతోనే తడిపి ఎక్కించాం. బ్రేక్ పైపును సిలిండర్‌కు బిగించే బాంజో బోల్టుకు రాగి వాషర్లు కొత్తవే వేయాలి, పాతవి తిప్పి వేస్తే కారుతుంది. ట్యాంకు మీద తడిగుడ్డ కప్పడం మరవద్దు, ఒక్క చుక్క పడినా పెయింటు లేచిపోతుంది.

విసిగించింది పైపులో చేరిన ఎయిర్ తీయడం. గంటసేపు లివర్ కొట్టినా మెత్తగానే ఉంది. చివరికి పైన బాంజో బోల్టుకు గుడ్డ చుట్టి, లివర్ నొక్కి పట్టి కాస్త వదులు చేస్తే బుస్సుమని బుడగ పోయింది. రాత్రంతా లివర్‌ని హ్యాండిల్‌కు తాడుతో కట్టేసి ఉంచా. నాది 2017 బండి, బ్రేకేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. ఉన్నవాళ్లు ఈ పని షెడ్డుకే వదిలేయడం మంచిది.

పొద్దున తాడు విప్పి నొక్కితే లివర్ రాయిలా ఆగింది. ఇప్పుడు రెండు వేళ్లు చాలుతున్నాయి. లద్దాఖ్, స్పితి వైపు ఏటా వెళ్లేవాళ్లు గ్రిప్పులు కొనండి, రిలే పెట్టించండి. మన ఎండల్లో తిరిగేవాళ్లకు నా ఓటు మంచి గ్లవ్స్‌కే. క్లాంపు కింద పెయింటు పోయిన చోట నల్ల టేపు అంటించా, చూస్తే తప్ప తెలియదు.