పాత లారీకి హీట్ మీటరు సెన్సారు కొనేవారు జాగ్రత్త

గత వేసవిలో మా 2006 మోడల్ లారీలో ఇంజిన్ వేడి చూపే హీట్ మీటరు ముల్లు ఊగిసలాడుతుంటే, ‘కంపెనీ సరుకే’ అన్న ఒక దుకాణదారు మాట నమ్మి, ఇంజిన్ వేడిని పసిగట్టి మీటరుకు పంపే సెన్సారు కొత్తది వేయించాను. ఆయన సెన్సారు వైరు ఊడదీసి ఇంజిన్‌కు తాకించగానే ముల్లు ఎర్ర గీత దాకా లేచింది. ‘చూశారా, పక్కాగా పనిచేస్తోంది’ అన్నారు. నేను మోసపోయింది అక్కడే. అలా ముల్లు లేస్తే వైరు తెగలేదని, మీటరు బాగానే ఉందని తెలుస్తుందే తప్ప, సెన్సారు సరైన లెక్క పంపుతోందని తెలియదు.

పది రోజుల తర్వాత, బేతంచెర్ల నుంచి నాపరాళ్ల లోడుతో నంద్యాల దాటి గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ ఎక్కుతుండగా, ముల్లు సగం కూడా దాటకముందే క్యాబిన్‌లోకి కూలెంటు వాసన, ఆ వెనుకే ఆవిరి వచ్చాయి. ఇంజిన్ బ్లాకుకు, దాని పైనుండే హెడ్‌కు మధ్య వేసే హెడ్ గ్యాస్కెట్ పోయింది. హెడ్‌ను లేత్‌కు పంపాల్సి వచ్చింది.

తర్వాత మెకానిక్ పాత, కొత్త సెన్సార్లను ఒకే గిన్నెలో వేడినీళ్లలో ముంచి, థర్మామీటరు 90 డిగ్రీలు చూపినప్పుడు అవి కరెంటుకు ఇచ్చే అడ్డును మల్టీమీటరుతో ఓమ్‌లలో కొలిచాడు. పాతది సుమారు 50 ఓమ్‌లు చూపితే కొత్తది 90 చూపింది. ఈ రకం సెన్సార్లలో వేడి పెరిగేకొద్దీ ఓమ్‌లు తగ్గుతాయి కాబట్టి, ఎక్కువ ఓమ్‌లు చూపే సెన్సారు వల్ల ఇంజిన్ ఇంకా చల్లగానే ఉన్నట్టు ముల్లు కిందే ఉండిపోతుంది. మరలు సరిపోయాయి గానీ అది మా మీటరుకు జత కాదు. పైగా మరలకు తెల్ల టేపు దండిగా చుట్టారు; ఒంటి వైరు సెన్సారుకు ఎర్త్ (కరెంటు తిరిగి వెళ్లే దారి) అందేది ఆ మరల ద్వారానే కనుక, టేపు అడ్డుపడితే ముల్లు మరింత దిగుతుంది.

మొదట ముల్లు ఊగిసలాడటానికి అసలు జబ్బు పాత సెన్సారుది కానే కాదు. హెడ్‌లైట్లు వేసినప్పుడల్లా డీజిల్ ముల్లు కూడా కదులుతోందని డ్రైవరు ముందే చెప్పాడు, నేనే పట్టించుకోలేదు. అన్ని ముళ్లూ కలిసి కదిలితే ముందు చూడవలసింది మీటరు బోర్డు ఎర్త్‌ను.

దుకాణదారు ‘కరెంటు సామాను వాపసు తీసుకోం’ అన్నారు. బిల్లు అడగకపోవడం నా పొరపాటు. మీరు కొనేటప్పుడు పాత సెన్సారు వెంట తీసుకెళ్లి, రెండింటినీ వేడినీళ్లలో కొలిచి చూపమనండి, ఒప్పుకోకపోతే కొనకండి. మీటరు కూడా మారుస్తుంటే, 24 వోల్టుల బండికి 12 వోల్టులది అంటగట్టకుండా చూసుకోండి.

తుప్పు పట్టిన ఎర్త్ బోల్టును గీకి, పాత సెన్సారునే టేపు లేకుండా తిరిగి బిగించాక మా ముల్లు ఇప్పుడు కుదురుగా నిలబడుతోంది.