గోధుమ పిండా, చోడి పిండా?

షుగర్ అని డాక్టరు చెప్పగానే శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో రాత్రికి చపాతీ ఖాయం. చోడి (రాగి) పిండి మాత్రం పొద్దుటి అంబలికే మిగిలిపోయింది.

పని తేలికలో గోధుమదే పైచేయి. గ్లూటెన్ అనే జిగురు ఉండబట్టి పిండి సాగుతుంది. పొట్టుతో సహా మర పట్టించిన ముదురు రంగు పిండి నీళ్లు ఎక్కువ పీల్చుకుంటుంది. కాస్త మెత్తగా కలిపి, అరగంట మూత పెట్టి వదిలేస్తే పొట్టు నాని, ఒత్తేటప్పుడు అంచులు చిట్లవు. అదే పిండిని బెల్లం నీళ్లతో జారుగా కలిపితే పిల్లలకు సాయంత్రం తీపి అట్లు. కొందరు మర పట్టించి తెచ్చి, జల్లించి పొట్టు పారబోస్తారు. పీచంతా అందులోనే పోతే ఇక మర దాకా వెళ్లడం దేనికి?

చోడిలో ఆ జిగురు లేదు. మరిగే నీళ్లతో కలిపి చేత్తో రొట్టె తట్టాల్సిందే. మాంసకృత్తుల్లోనూ గోధుమ కంటే వెనకే. కాల్షియంలో మాత్రం పోటీయే లేదు: 100 గ్రాముల చోడిలో 300 మిల్లీగ్రాములు దాటుతుంది, గోధుమ పిండిలో 50 కూడా ఉండదు. అలాగని షుగరున్నవాళ్లు జావ గ్లాసులకు గ్లాసులు తాగకూడదు, పలచగా ఉడికింది తొందరగా అరిగిపోయి షుగరు పెంచేస్తుంది.

నా ఓటు రాత్రికి చపాతీకి, ఎండాకాలం పొద్దున్న మజ్జిగ, ఉల్లిపాయతో అంబలికి. రెండూ ఒకేసారి కావాలంటే చపాతీ పిండిలో పావు వంతు చోడి కలపండి. సగం కలిపితే విరిగిపోతుంది.